ముల్లు మధ్యలోనే ఉంది, ఇంజిన్ మాత్రం మరిగింది: టెంపరేచర్ సెన్సార్ కిట్ తీసుకున్నవారికి మా వివరణ

మా దగ్గర క్లాసిక్ కార్ల కోసం అల్యూమినియం థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే కవాటం) హౌసింగ్‌నూ, దానితో పాటు కూలెంట్ టెంపరేచర్ సెన్సార్ కిట్‌నూ తీసుకున్న వారందరికీ ఈ లేఖ రాస్తున్నాము. నల్లగా అనోడైజ్ చేసిన హౌసింగ్, ఇత్తడి అడాప్టర్, ఒకే తీగ ఉండే సెన్సార్, ఒక చుట్ట టెఫ్లాన్ టేపు ఉన్న పెట్టె మీకు చేరి ఉంటే, ఇంజిన్ బాగా వేడెక్కిన సమయంలో మీ టెంపరేచర్ మీటరు అసలు కన్నా తక్కువ చూపే అవకాశం ఉంది. లోపం మీ మీటరులో లేదు, మీరు బిగించిన తీరులోనూ లేదు. మేము కిట్‌ను కూర్చిన తీరులో ఉంది. మార్చిన భాగాలు మీకు అందేవరకు ఆ ముల్లును పూర్తిగా నమ్మవద్దని ముందుగా కోరుతున్నాము.

ఈ విషయాన్ని మొదట మా దృష్టికి తెచ్చిన వినియోగదారుకు మేమిచ్చిన జవాబు ఇప్పుడు తిరిగి చదువుకుంటే సిగ్గుగా ఉంది. ఎత్తైన రోడ్డు ఎక్కుతుండగా రేడియేటర్ మూత దగ్గర ఆవిరి చిమ్మిందనీ, అప్పుడు కూడా ముల్లు మధ్య గీత దాటలేదనీ ఆయన రాశారు. హౌసింగ్ పక్కనే ఉన్న, మెరుగుపెట్టిన అల్యూమినియం హెడ్‌ను (ఇంజిన్ పై భాగాన్ని) ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో కొలిచి, మీటరు చెప్పేదానికన్నా అక్కడ ఎక్కువ వేడి కనిపించిందని కూడా తెలిపారు. మెరిసే లోహం మీద ఆ థర్మామీటరు లెక్క నమ్మదగినది కాదని మేము తేల్చిచెప్పాము. ఆ మాటలో నిజముంది; మెరిసే అల్యూమినియం తన వేడిని పరారుణ కిరణాలుగా చాలా తక్కువగా వెదజల్లుతుంది కాబట్టి ఆ పరికరం ఉన్నదానికన్నా తక్కువే చూపుతుంది. కానీ తక్కువ చూపవలసిన పరికరమే మీటరు కన్నా ఎక్కువ చూపుతున్నదంటే అసలు వేడి ఇంకెంత ఉండాలి అన్న ప్రశ్న మాకు ఆ రోజు తట్టలేదు. ఆయన ఓపికగా హెడ్ మీద నల్ల ఇన్సులేషన్ టేపు అతికించి మళ్ళీ కొలిచారు. అంకె ఇంకా పెరిగింది. అప్పుడు గానీ మేము మా బల్ల దగ్గరికి వెళ్ళలేదు.

పంపే ముందు ప్రతి సెన్సార్‌నూ పరీక్షించేవాళ్ళం, అది అబద్ధం కాదు. గిన్నెలో నీళ్ళు కాచి, సెన్సార్ కొనను ముంచి, పక్కన మంచి థర్మామీటరు ఉంచి, మల్టీమీటరు తీగల్లో ఒకటి సెన్సార్ పిన్నుకూ రెండోది సెన్సార్ ఇత్తడి ఒంటికీ తగిలించి నిరోధాన్ని కొలిచేవాళ్ళం. సెన్సార్లన్నీ ఆ పరీక్షలో నెగ్గాయి. అయితే కారులో సెన్సార్ ఒంటరిగా ఉండదు. అది అడాప్టర్‌లోకి, అడాప్టర్ హౌసింగ్‌లోకి, హౌసింగ్ కాగితపు గాస్కెట్ మీదుగా హెడ్‌కూ బిగుసుకుంటాయి. మల్టీమీటరు రెండో తీగను సెన్సార్ ఒంటికి కాకుండా బ్యాటరీ నెగటివ్‌కు తగిలించి ఉంటే ఈ లేఖ రాయవలసిన అవసరం వచ్చేది కాదు.

ఒకే తీగ ఉండే సెన్సార్‌కు రెండో తీగ లేనట్టు కనిపించినా నిజానికి ఉంది. దాని ఒళ్ళే ఆ తీగ. మీటరు నుంచి వచ్చిన కరెంటు పిన్నులోంచి లోపలి థర్మిస్టర్‌లోకి (వేడిని బట్టి నిరోధం మారే ముక్కలోకి) వెళ్ళి, ఒంటి మీది మరల ద్వారా హౌసింగ్‌కూ, అక్కడి నుంచి ఇంజిన్‌కూ, చివరికి బాడీకి కలిపిన బ్యాటరీ కొసకూ (చాలా కార్లలో నెగటివ్) చేరాలి. ఈ తిరుగు దారినే ఎర్త్ అంటాము. అనోడైజింగ్ అంటే అల్యూమినియం మీద గట్టి ఆక్సైడ్ పొరను పెంచడమే, ఆ పొర కరెంటును పోనివ్వదు. మేము అందం కోసం హౌసింగ్ మొత్తానికీ, మర రంధ్రాలతో సహా, ఆ పూత వేయించాము. దాని మీద టెఫ్లాన్ టేపు చుట్టమని సూచన కాగితంలో రాశాము. టేపు ఒక్కటే అయితే మరలు బిగుసుకునేటప్పుడు దాన్ని కోసుకుని లోహాన్ని తాకుతాయి, చాలా కార్లలో అలాగే పనిచేస్తుంది. అనోడైజ్ పొర తోడైనప్పుడు ఆ తాకిడి ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు, వేడికి మారుతుంది కూడా. ఎర్త్ పూర్తిగా తెగితే ముల్లు అడుగునే పడి ఉండేది, ఎవరైనా వెంటనే పట్టుకునేవారు. సగం తెగిన ఎర్త్ మాత్రం నమ్మదగిన అబద్ధం చెబుతుంది.

ఆ అబద్ధం ఎటువైపు మొగ్గుతుందో లెక్క వేసి చూడండి. మేము వాడే రకం సెన్సార్‌లో నిరోధం 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 290 ఓమ్‌లు, 90 దగ్గర సుమారు 51, 100 దగ్గర సుమారు 38, 120 దగ్గర సుమారు 22. వేడి పెరిగేకొద్దీ నిరోధం పడిపోతుంది, పైకి వెళ్ళేకొద్దీ ఒక్కో డిగ్రీకి పడే ఓమ్‌లు తగ్గుతాయి. ఎర్త్ దారిలో 13 ఓమ్‌ల అదనపు నిరోధం చేరిందనుకుందాం. చల్లని ఇంజిన్‌లో 290 కాస్తా 303 అవుతుంది. తేడా డిగ్రీకి అటూ ఇటూ, కంటికి కనిపించదు. కూలెంట్ 100 డిగ్రీలకు చేరినప్పుడు 38 కాస్తా 51 అవుతుంది, మీటరు దాన్ని 90 డిగ్రీలుగా చదువుతుంది. అంటే అవసరం లేనప్పుడు సరిగ్గానూ, అవసరమైనప్పుడు తప్పుగానూ చూపుతుంది, తప్పు ఎప్పుడూ చల్లదనం వైపే ఉంటుంది. ఎక్కువ చూపి భయపెట్టే లోపమైతే మీరు కారు ఆపి చూసుకుంటారు. ఇది అలాంటిది కాదు కాబట్టే బహిరంగంగా రాస్తున్నాము.

రెండో లోపం అడాప్టర్‌ది. దాని పుట్టుక చెబితే మా మీద కాస్త జాలి కలగవచ్చు, కోపం తగ్గనవసరం లేదు. ఇంజిన్ తయారైనప్పుడు ఉన్న ఇనుప హెడ్ స్థానంలో బయటి తయారీ అల్యూమినియం హెడ్ గానీ, మానిఫోల్డ్ గానీ, హౌసింగ్ గానీ పెట్టినప్పుడు సెన్సార్ రంధ్రం పాత కొలతలో ఉండదు. స్మిత్స్ కంపెనీ మీటర్లున్న బ్రిటిష్ కార్ల సెన్సార్లు చాలావరకు 5/8 అంగుళం మర కోరతాయి. కొత్త భాగాల్లో ఎనిమిదో వంతు ఎన్‌పీటీ (అమెరికన్ కోన్ పైపు మర) ఉండవచ్చు, మెట్రిక్ మర ఉండవచ్చు. అన్నిటికన్నా మోసపుచ్చేవి ఎనిమిదో వంతు ఎన్‌పీటీ, ఎనిమిదో వంతు బీఎస్‌పీటీ (బ్రిటిష్ కోన్ పైపు మర). మొదటిదానికి అంగుళానికి 27 చుట్లు, 60 డిగ్రీల కోణం. రెండోదానికి 28 చుట్లు, 55 డిగ్రీల కోణం. రెండూ ఒకదానిలో ఒకటి రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కుతాయి, ఆ తర్వాత బిగుసుకుంటాయి. కోన్ మర కదా, బిగుసుకోవడం సహజమే అనుకుని పానా మీద బలం పెడితే మెత్తని అల్యూమినియం మర చెడిపోతుంది, లేదా గోడ చీలుతుంది. ఇన్ని కొలతలకు ఇన్ని హౌసింగ్‌లు ఉంచలేక, రంధ్రాన్ని పెద్దదిగా చేసి అడాప్టర్లతో సరిపెట్టాము.

ఆ అడాప్టర్ సెన్సార్ కొనను పారే కూలెంట్‌లోంచి వెనక్కి లాగింది. కొన ఇప్పుడు రంధ్రం లోపలి గుంటలో ఉంటుంది, అక్కడ కూలెంట్ కదలదు. నెమ్మదిగా నడిచే కారులో తేడా తెలియదు, ఇంజిన్ మీద బరువు ఒక్కసారిగా పెరిగినప్పుడు గుంటలోని కూలెంట్ వేడెక్కేసరికి హెడ్‌లోది ఎంతో ముందుకు వెళ్ళి ఉంటుంది. పైగా ఆ గుంట గాలి బుడగ నిలవడానికి అనువైన చోటు. గాలిలో గానీ ఆవిరిలో గానీ ఉన్న సెన్సార్ ద్రవంలో ఉన్నదానంత చురుగ్గా వేడిని అందుకోదు; కూలెంట్ కారిపోయిన ఇంజిన్‌లో ముల్లు కిందికి దిగడం పాత మెకానిక్‌లందరూ చూసినదే. ఎర్త్ లోపమూ ఈ లోపమూ ఒకే దిక్కుకు లాగాయి. ఒక్క ఎర్త్‌నే సరిచేసి లేఖ ముగించాలన్న ఆలోచన మాకు రాకపోలేదు, ఎందుకంటే తీగ పంపడం సులువు, హౌసింగ్ మార్చడం కష్టం.

మీరు ఇప్పుడే చేసుకోదగిన పరీక్ష ఒకటి ఉంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, తాళంచెవి తీసేసి, సెన్సార్ ఒంటి మీది ఆరు పలకల భాగానికీ బ్యాటరీ ఎర్త్ కొసకూ మధ్య నిరోధం కొలవండి. మల్టీమీటరు తీగల సొంత నిరోధాన్ని తీసేస్తే అర ఓమ్‌కు మించకూడదు. మల్టీమీటరు లేనివారు, ఇంజిన్ వేడెక్కి నడుస్తుండగా, బ్యాటరీ ఎర్త్ కొస నుంచి తెచ్చిన మందపాటి తీగను సెన్సార్ ఒంటికి ఆనించి, మరొకరిని ముల్లు చూడమనండి. తీగ ఆనగానే ముల్లు లేచిందంటే ఎర్త్ సరిగా లేదని అర్థం. ఫ్యానుకూ బెల్టుకూ చేతులనూ తీగనూ దూరంగా ఉంచండి, వేడి మీద రేడియేటర్ మూత తీయవద్దు. ఎర్త్ లోపం తేలితే, సెన్సార్ ఆరు పలకల భాగం చుట్టూ చిన్న హోస్ క్లిప్‌తో ఒక తీగను బిగించి, రెండో కొసను ఇంజిన్ బ్లాకు మీద గీకి శుభ్రం చేసిన బోల్టు కింద పెట్టండి. హౌసింగ్ బోల్టు కింద పెట్టవద్దు, ఆ పూత అక్కడా ఉంది. ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీని కూడా చూసుకోండి.

గుంట వల్ల వచ్చే తేడాను తీగ సరిచేయదు. దానికి తాత్కాలికంగా ఒక గుర్తు పెట్టుకోవచ్చు. మీ థర్మోస్టాట్ మీద 82 అనో 88 అనో చెక్కి ఉంటుంది. కారు నిలిపి ఇంజిన్‌ను నడిపితే, పైపక్క హోస్ పైపు ఒక్కసారిగా వేడెక్కే క్షణమే అది తెరుచుకోవడం మొదలైన క్షణం. అప్పుడు ముల్లు ఎక్కడుందో గుర్తుంచుకుంటే, మీ మీటరు భాషలో ఆ అంకె ఏమిటో తెలుస్తుంది. ముల్లు ఎక్కువ చూపుతూ, పెట్రోలు మీటరు కూడా ఎక్కువే చూపుతుంటే మమ్మల్ని కాదు, డాష్‌బోర్డు వెనుక ఉండే 10 వోల్టుల స్టెబిలైజర్‌ను అనుమానించండి. పాత ద్విలోహ మీటర్లు రెండూ దాని మీదే ఆధారపడతాయి.

కొత్త హౌసింగ్‌లో అడాప్టర్ ఉండదు. మీ సెన్సార్‌కు కావలసిన మరను అనోడైజింగ్ తర్వాతే నేరుగా కొడతాము, కాబట్టి మర లోపల వట్టి లోహం ఉంటుంది. రంధ్రం థర్మోస్టాట్‌కు ఇంజిన్ వైపునే ఉంటుంది. రేడియేటర్ వైపు పెడితే థర్మోస్టాట్ తెరుచుకునేదాకా సెన్సార్‌కు ఏమీ తెలియదు. కొన కూలెంట్ దారిలోకి వచ్చేలా రంధ్రం లోతు తగ్గించాము. ఎర్త్ తీగ కోసం పూత లేని చిన్న బోల్టు రంధ్రం విడిగా ఇస్తున్నాము. టేపు ఉండదు, మొదటి రెండు మరలను వదిలి పూయవలసిన ద్రవ సీలెంట్ ఉంటుంది. చేతితో బిగుసుకున్నాక ఒక చుట్టు, మహా అయితే ఒకటిన్నర చాలు. ఇక మీదట పరీక్ష సెన్సార్‌కు కాదు, హౌసింగ్‌కు బిగించిన సెన్సార్‌కు జరుగుతుంది, ఓమ్‌ల పట్టిక పెట్టెలోనే ఉంటుంది.

హౌసింగ్ మార్చడం ఇష్టంలేక, పై హోస్ పైపును కోసి మధ్యలో పెట్టే అల్యూమినియం గొట్టం ఇవ్వమని కొందరు అడిగారు. ఇవ్వము. రెండువైపులా రబ్బరే కాబట్టి దానికి ఎర్త్ అసలే ఉండదు, సెన్సార్ థర్మోస్టాట్‌కు అవతల పడుతుంది. ఇప్పుడు చెప్పుకున్న రెండు తప్పులనూ మరో రూపంలో అమ్మినట్టవుతుంది.

ఈ కిట్‌తో ఇంజిన్ ఒక్కసారైనా మరిగినవారు మాకు రాయండి, వారికే మొదట పంపుతాము. అల్యూమినియం హెడ్ అధిక వేడికి వంగే గుణం ఉన్నది కాబట్టి, కూలెంట్ తగ్గిపోతున్నా, నూనె పాల రంగుకు మారినా, కారు నడపకుండా హెడ్ సమతలాన్ని సరికొలతతో చూపించుకోండి. తర్వాతి వంతు రోజూ రోడ్డెక్కే కార్లది, ఆ తర్వాతే షెడ్డులో పని జరుగుతున్నవి. కొత్త హౌసింగ్‌కు మీరేమీ చెల్లించనవసరం లేదు. మర ఏదో మీకు తెలియకపోతే ఊహించి రాయవద్దు. సెన్సార్ పక్కన స్కేలు పెట్టి ఫొటో పంపితే చుట్లు మేమే లెక్కపెడతాము. పాత అడాప్టర్‌ను తిరిగి పంపనవసరం లేదు, కానీ దయచేసి దాన్ని మరో కారుకు బిగించవద్దు.