చట్రం నిలిస్తేనే రోబో కదిలేది

సంపాదకుల వారికి నమస్కారం.

విద్యార్థుల రోబో పోటీలపై మీ పత్రికలో వచ్చే వ్యాసాలన్నీ కోడింగు, సెన్సర్ల చుట్టూనే తిరుగుతున్నాయి. వర్క్‌షాపులో ఫిట్టింగు నేర్పి పదవీ విరమణ చేసి, ప్రస్తుతం మా కాలనీ పిల్లల జట్టుకు చేతనైన సాయం చేస్తున్న నేను మాత్రం, ప్రోగ్రాము తప్పి ఆగిన రోబోల కంటే గ్రబ్ స్క్రూ (చక్రాన్ని షాఫ్టుకు బిగించే, తల లేని చిన్న స్క్రూ) వదులై ఆగిన రోబోలనే ఎక్కువగా చూశాను.

మా జట్టు ఫస్ట్ టెక్ ఛాలెంజ్ అనే విద్యార్థుల రోబో పోటీ కోసం కట్టిన మొదటి బండి సంగతే చెబుతాను. ఆట మొదలయ్యే వేళకు రోబో 18 అంగుళాల ఘనంలో ఇమడాలన్న నిబంధన ఉన్నందున, లోపల చోటు మిగుల్చుకునే ఆత్రంలో పిల్లలు చక్రాలను చట్రం బయటికి, ఒక వైపే ఆనిక ఉన్న షాఫ్టులకు తగిలించారు. పక్క రోబో రెండుసార్లు తగిలేసరికి షాఫ్టు వంగి, చైను దాన్ని తిప్పే పళ్ల చక్రం (స్ప్రాకెట్) మీది నుంచి ఊడిపోయింది. బేరింగుకు చక్రం ఎంత దూరమైతే షాఫ్టును వంచే బలం అంత పెరుగుతుంది. రెండోసారి చక్రానికి అటూ ఇటూ అల్యూమినియం పట్టీలు వేసి, చెరొక బేరింగు పెట్టించాను. మోటారు షాఫ్టును ఆకురాయితో ఒక పక్క చదును చేయించి, స్క్రూ మొన ఆ చదును మీదే కూర్చునేలా బిగించాం.

ఆరు చక్రాల బండి అయితే నడిమి జతను సుమారు 3 మిల్లీమీటర్లు కిందికి దించాలి. అప్పుడు ఒకేసారి నేలను తాకేవి నాలుగే, అవీ దగ్గర దగ్గరగా ఉంటాయి కనుక మలుపులో చక్రాలు పక్కకు ఈడ్చుకుపోవు, మోటార్లపై భారం తగ్గుతుంది.

తలుపు చట్రం బిగించే వడ్రంగి మూల నుంచి మూలకు టేపు పట్టి, రెండు కొలతలూ కలిస్తే గానీ మేకు దించడు. మన పిల్లలకు ఆ అలవాటే లేదు. చట్రం మూల తప్పితే బేరింగులు బిగుసుకుంటాయి, మెలిపడితే ఒక చక్రం గాలిలో తేలి బండి పక్కకు లాగుతుంది. ఆ వంకరను కోడ్‌తో సరిదిద్దాలని వాళ్లు తెల్లవార్లూ కూర్చుంటారు!

ఐటీఐలు, పాలిటెక్నిక్‌ల వర్క్‌షాపులను శనివారం మధ్యాహ్నాలు బోధకుల సమక్షంలో పాఠశాల విద్యార్థులకు తెరిచేలా అధికారులు ఆలోచించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఖరీదైన కిట్లేమీ అక్కర్లేదు. తొలి రోజు రక్షణ కళ్లద్దాలు పెట్టించి, డ్రిల్లు దించే ముందు రంధ్రం పడాల్సిన చోట చిన్న గుంత గుర్తు పెట్టే సెంటర్ పంచ్ కొట్టడం నేర్పితే చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత వర్క్‌షాప్ బోధకుడు, కాకినాడ