విలియం కేరీ పుట్టిన ఊరి చర్చి కోసం తెలుగువారికి విజ్ఞప్తి

ప్రియ సోదరీ సోదరులకు, తెలుగు మిత్రులకు ప్రభువు నామంలో వందనాలు.

ఇంగ్లాండులో నార్తాంప్టన్‌షైర్ అనే జిల్లా ఉంది. అందులో టోస్టర్ పట్టణానికి దక్షిణంగా, రోమన్ల కాలం నాటి వాట్లింగ్ స్ట్రీట్ రోడ్డుకు కాస్త పక్కగా, పాలర్స్‌పరీ అనే పల్లె. జనం వెయ్యిమంది దాకా ఉంటారు. ఆ ఊళ్ళో సెయింట్ జేమ్స్ ది గ్రేట్ పేరు మీద పాత రాతి చర్చి ఒకటుంది. ఇండియాకు వచ్చి బైబిలును మన దేశపు భాషల్లోకి అనువదించి అచ్చువేయించిన మిషనరీ విలియం కేరీకి పసిబిడ్డగా బాప్తిస్మం ఇచ్చింది ఆ చర్చిలోనే. ఆయన తండ్రి సమాధి రాయి ఉన్నదీ అక్కడే. ఆ చర్చి మరమ్మతుల నిధికి తెలుగువాళ్ళ తరఫున కొంత సొమ్ము పోగుచేసి అందజేయాలని మా కమిటీ తీర్మానించింది. అందుకోసమే ఈ విజ్ఞప్తి.

మాది మిడ్‌లాండ్స్‌లో ఆదివారం మధ్యాహ్నాలు తెలుగులో ఆరాధన చేసుకునే కుటుంబాల సంఘం. గుంటూరు, మెదక్, రాజమండ్రి, నల్గొండ, ఇలా ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ళం. మాలో సీఎస్ఐ వాళ్ళున్నారు, బాప్టిస్టులున్నారు, లూథరన్లున్నారు, పెంతెకోస్తు వాళ్ళున్నారు. ఏ సంఘంలో పెరిగినా కేరీ పేరు వినకుండా పెరిగినవాళ్ళు మాత్రం మాలో లేరు. ఆయన పుట్టిన ఊరు మనకు కారులో వెళ్ళి వచ్చేంత దగ్గర్లో ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. అందుకే డబ్బు సంగతి తర్వాత చెబుతాం, ముందు ఊరి సంగతి చెప్పనివ్వండి.

ఊరు చాలా పాతది. 1086లో విలియం రాజు తీయించిన డూమ్స్‌డే భూముల లెక్కల్లోనే దీని ప్రస్తావన ఉంది. తర్వాత పావెలీ అనే వంశంవాళ్ళ చేతికి వచ్చింది, ఊరి పేరులో మొదటి సగం వాళ్ళదే. చర్చిలో ఇప్పటికీ ఆ కాలపు యోధుడిదీ ఆయన భార్యదీ ఓక్ చెక్కతో చెక్కిన నిలువెత్తు బొమ్మలు పడుకోబెట్టి ఉన్నాయి. అవి 14వ శతాబ్దానివి. రాతి బొమ్మలు ఇంగ్లాండు చర్చిల్లో లెక్కలేనన్ని ఉంటాయి కానీ, ఆ కాలపు చెక్క బొమ్మలు దేశం మొత్తం మీద వందకు లోపే మిగిలాయి. చెక్కకు తేమ ఎంత చేటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. పైకప్పు సరిగ్గా ఉంటేనే అవి ఉంటాయి. 1626లో చనిపోయిన సర్ ఆర్థర్ త్రాక్‌మార్టన్ సమాధి కూడా ఈ చర్చిలోనే ఉంది. ఈయన ఎలిజబెత్ రాణి కాలపు పేరున్న నావికుడు వాల్టర్ రాలీకి బావమరిది. ఈ పెద్దల సంగతులు వాళ్ళ చరిత్రకారులు బాగానే రాసుకున్నారు. మనకు కావలసింది ఒక నేతగాడి సంగతి.

ఎడ్మండ్ కేరీ మగ్గం మీద ఉన్ని బట్ట నేసి బతికేవాడు. ఊరికి ఆనుకున్న పరీ ఎండ్ అనే చిన్న పేటలో కాపురం. 1761 ఆగస్టు 17న అక్కడే పెద్ద కొడుకు విలియం పుట్టాడు. ఆ పిల్లవాడికి ఆరేళ్ళప్పుడు, 1767లో, ఎడ్మండ్‌కు చర్చిలో పారిష్ క్లర్కు ఉద్యోగం, దాంతోపాటు ఊరి బడి పంతులు ఉద్యోగం వచ్చాయి. అంతకుముందు ఆయన తండ్రి పీటర్ చేసిన పనే అది. క్లర్కు అన్నారని ఆఫీసు గుమాస్తాను ఊహించుకోవద్దు. ఆరాధనలో పాదిరిగారు ప్రార్థన చదివితే సభ తరఫున గట్టిగా బదులు చెప్పేది, ఆమెన్ అందించేది ఆయనే. ఇల్లు మగ్గం దగ్గర నుంచి బడి ఇంటికి మారింది. బడి, చర్చి, ఇల్లు అన్నీ కూతవేటు దూరంలో.

మా దృష్టిలో అసలు విషయం ఇది. నేతగాడి కొడుక్కి ఆ రోజుల్లో చదువు రావడం గ్యారంటీ ఏమీ కాదు. చర్చి నీడన ఆ చిన్న బడి ఉండబట్టి, తండ్రే పంతులు అవబట్టి, విలియం అక్షరాలు నేర్చుకున్నాడు. చర్చి గాయకుల్లో ఒకడై పాడాడు. చుట్టుపక్కల విటిల్‌వుడ్ అడవుల వెంట తిరిగి పురుగుల్నీ పక్షుల్నీ పట్టుకొచ్చి తన గదిలో పెట్టుకునేవాడు. కెనడాలో సైనికుడిగా ఉండి వచ్చిన పీటర్ బాబాయి తోటమాలి. మొక్కల పిచ్చి ఆయన దగ్గర అంటుకుంది. ఎండలో పొలం పనికి ఒళ్ళు తట్టుకోక, చర్మమంతా పాడైతే, పిడింగ్టన్ అనే ఊళ్ళో చెప్పులు కుట్టేవాడి దగ్గర పనికి పెట్టారు. యజమాని అరలో ఉన్న ఒక వ్యాఖ్యాన గ్రంథంలో గ్రీకు మాటలు కనబడితే, వాటిని కాగితం మీద దించుకుని సొంత ఊరికి తెచ్చి, కాస్త చదువుకున్న ఒక నేతగాణ్ణి అడిగి అర్థం తెలుసుకున్నాడు. ఆయన భాషల ప్రయాణం అక్కడ మొదలైంది.

ఆ తర్వాతి కథ మీకు తెలిసిందే. 1793 జూన్‌లో ఓడ ఎక్కాడు. కొడుకు ఇండియా వెళ్తున్నాడని వినగానే వీడికేమైనా మతి పోయిందా అని ఎడ్మండ్ అన్నాడట. ఏ తండ్రైనా అంటాడు. విలియం మళ్ళీ ఇంగ్లాండు రాలేదు. పక్షవాతంతో దాదాపు 50 ఏళ్ళు మంచానపడి ఉండి కూడా అన్న కోసం రోజూ ప్రార్థన చేసిన చెల్లెలు మేరీ ఆయన్ని మళ్ళీ చూడలేదు. 1816లో తండ్రి పోయాడు. ఆ పాలర్స్‌పరీ చర్చి ఆవరణలోనే పాతిపెట్టారు. అప్పటికి కొడుకు బెంగాల్లో శ్రీరాంపూర్ అచ్చుకూటంలో ఉన్నాడు. రెండేళ్ళకు, 1818లో, అక్కడి నుంచి తెలుగు కొత్త నిబంధన అచ్చయి వచ్చింది.

తెలుగుతో కేరీకున్న సంబంధం గురించి మన సంఘాల్లో తక్కువ మాట్లాడుకుంటాం. బెంగాలీ, సంస్కృతం, మరాఠీ అని చెప్పి ఆపేస్తాం. ఆయన తెలుగు జిల్లాల్లో పనిచేసినవాడు కాడు. అయినా తెలుగు పండితుల్ని దగ్గర పెట్టుకుని భాష నేర్చి, ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణం రాశాడు. 1812 మార్చి 11న అచ్చుకూటం తగలబడింది. కాగితం నిల్వలు, 14 భాషల అచ్చు అక్షరాలు కరిగి ముద్దయ్యాయి. కాలిపోయిన చేతిరాత ప్రతుల్లో తెలుగు వ్యాకరణం కూడా ఉంది. మళ్ళీ కూర్చుని రాశాడు. 1814లో అది అచ్చయింది. అప్పటికి బ్రౌన్ దొర మద్రాసులో దిగనేలేదు, ఆయన వచ్చింది 1817లో. విశాఖపట్నంలో లండన్ మిషన్ తరఫున పనిచేసిన డెస్ గ్రాంజెస్ తెలుగు చేసిన సువార్తలు 1812లో అచ్చయింది కూడా శ్రీరాంపూర్‌లోనే. శ్రీరాంపూర్ అనువాదంలోని తెలుగు అంత బాగుండదు, తర్వాతివాళ్ళు దాన్ని పక్కనపెట్టి మళ్ళీ చేసుకున్నారు. ఆ మాట దాచాల్సిన పని లేదు. కానీ తెలుగును అచ్చులోకి ఎక్కించడానికి చేతులు కాల్చుకున్న తొలి తరంలో ఈ పల్లెటూరి బడి పిల్లవాడు ఉన్నాడన్నది చిన్న సంగతి కాదు.

ఆ అగ్నిప్రమాదంలో నష్టం దాదాపు 10,000 పౌండ్లు. కబురు ఇంగ్లాండు చేరాక రెండు నెలల్లోపే విశ్వాసులు ఆ మొత్తాన్ని పోగుచేశారు. ఇక చాలు అని పంపేవాళ్ళకు చెప్పాల్సి వచ్చింది. అంతకు 20 ఏళ్ళ ముందు, 1792 అక్టోబర్ 2న, కెటరింగ్‌లో ఒక ఇంటి వెనక గదిలో, కేరీని ఇండియాకు పంపిన బాప్టిస్టు మిషన్ సంఘం మొదలైనప్పుడు వచ్చిన వాగ్దానాలు మొత్తం 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్నీలు. ఎవరెంత ఇస్తారో చీటీల మీద రాసి కెటరింగ్ పాస్టరు ఆండ్రూ ఫుల్లర్ గారి ముక్కుపొడుం డబ్బాలో వేశారు. కేరీ దగ్గర ఇవ్వడానికి డబ్బు లేదు, తాను రాసిన చిన్న పుస్తకం అమ్మగా వచ్చేది ఇస్తానన్నాడు. మనకు వచ్చిన బైబిళ్ళు, బడులు, ఆస్పత్రుల వెనక ఇలాంటి చీటీలు చాలా ఉన్నాయి. మెదక్ కెథడ్రల్ గోడల్లో కరువు రోజుల్లో పనిచేసిన మన తాతముత్తాతల చెమటతో పాటు ఇక్కడి మనుషులు ఇచ్చిన కానుకలు కూడా ఉన్నాయి.

కమిటీలో ఈ మాట ఎత్తినప్పుడు ఒక అభ్యంతరం వచ్చింది. మీకూ రావచ్చు. కేరీ ఆంగ్లికన్ సంఘం (ఇంగ్లాండు చర్చి, పాలర్స్‌పరీ చర్చి దానిదే) వదిలిపెట్టి, 1783లో నార్తాంప్టన్ దగ్గర నెన్ నదిలో ముంపు బాప్తిస్మం తీసుకుని బాప్టిస్టు అయ్యాడు కదా, ఆయన వదిలేసిన చర్చికి మనం చందా ఇవ్వడమేంటి అని. ఈ ప్రశ్న అడిగినవాళ్ళు మనసులో ఏమీ పెట్టుకోకుండా అడిగారు, దానిమీద చాలాసేపు మాట్లాడుకున్నాం. మా అభిప్రాయం ఇది: సంఘం మారినంత మాత్రాన పుట్టిల్లు పరాయిది కాదు. ఆయన అక్షరం నేర్చుకున్నది ఆ చర్చి చలవతో. తల్లిదండ్రుల ఊరు అదే. ఆయన ఆ ఊరిని ద్వేషించలేదు సరికదా, శ్రీరాంపూర్‌లో ఇంగ్లాండు పూల కోసం తపించాడు. ఒకసారి ఇంగ్లాండు నుంచి వచ్చిన విత్తనాల సంచి ఖాళీ చేశాక, అడుగున మిగిలిన మట్టిని తోటలో ఒక మూల దులిపాడు. కొన్నాళ్ళకు అక్కడ డైసీ మొక్క మొలిచింది. ఇంగ్లాండులో గడ్డిలో కాళ్ళకింద నలిగే పువ్వు అది. దాన్ని చూసి పొంగిపోయి, ఏటేటా విత్తనాలు దాచి పెంచుకున్నాడు.

ఇక డబ్బు సంగతి. ఇంగ్లాండు చర్చి ప్రభుత్వ మతం కాబట్టి ఖర్చులన్నీ ప్రభుత్వమే పెట్టుకుంటుందని మనలో చాలామంది అనుకుంటారు. అలా ఏమీ లేదు. ఊరివాళ్ళ దగ్గర చర్చి పన్ను బలవంతంగా వసూలు చేసే పద్ధతి 1868లోనే పోయింది. భవనం బాధ్యత ఊరి పారిష్ చర్చి కౌన్సిల్‌ది. అంటే ఆ ఆదివారం వచ్చే కొద్దిమందిదే. దేశంలో ఇలాంటి చర్చి భవనాలు దాదాపు 16,000 ఉన్నాయి. ప్రతి ఐదేళ్ళకోసారి ఆర్కిటెక్ట్ వచ్చి పైకప్పు నుంచి పునాది దాకా చూసి, చేయాల్సిన పనుల జాబితా ఇస్తాడు. పాత కట్టడం కాబట్టి సిమెంటు పూసేస్తే సరిపోదు. సిమెంటు తేమను లోపలే పట్టి ఉంచి రాయిని తినేస్తుంది. మన పాత కోటలకు వాడిన డంగు సున్నం లాంటి సున్నపు గారే వాడాలి, ఆ పని తెలిసిన మేస్త్రీలు దొరకాలి, వాళ్ళ కూలీ ఎక్కువ. చాలా మార్పులకు డయాసిస్ (బిషప్ కింద ఉండే చర్చిల ప్రాంతం) అనుమతి కావాలి. మరమ్మతు బిల్లు మీద 20 శాతం వ్యాట్. ఆ వ్యాట్ తిరిగి ఇచ్చే ప్రభుత్వ పథకానికి 2025లో ఒక్కో చర్చికి ఏడాదికి 25,000 పౌండ్లని పరిమితి పెట్టారు, అదీ 2026 మార్చి దాకానే పొడిగించారు. వెయ్యిమంది ఊరికి ఇదంతా ఎంత టెన్షనో ఒక్కసారి ఆలోచించండి.

మనం ఇచ్చేది గోపురం కట్టించేంత కాదు. పైకప్పు గట్టర్లలో పడ్డ ఆకులు తీయించడం, వాననీటి గొట్టాలు బాగుచేయించడం, కీళ్ళలో సున్నం నింపించడం, ఇలాంటి పేరు రాని పనులకే ఎప్పుడూ డబ్బు దొరకదు. శిలాఫలకం మీద పేర్లు ఎక్కే పనికి ఎవరైనా ఇస్తారు. మనం ఆ పేరు రాని పనులకే ఇద్దామని తీర్మానించాం. తెలుగువారి పేరుతో ఫలకం ఏదీ అడగం. ఒక్కటి మాత్రం అడుగుతాం. వాళ్ళు ఒప్పుకుంటే, వచ్చిపోయే తెలుగువాళ్ళ కోసం చర్చి చరిత్ర చెప్పే చిన్న తెలుగు కరపత్రం మన ఖర్చుతో అచ్చువేయించి అక్కడ పెట్టిస్తాం.

ఎంత ఇవ్వాలని అడుగుతున్నారు. అమ్మమ్మల కాలంలో అన్నం వండే ప్రతిసారీ గుప్పెడు బియ్యం తీసి పక్కన కుండలో వేసి, ఆదివారం మందిరానికి తెచ్చేవాళ్ళు. ఎవరి గుప్పెడు వాళ్ళది. పది పౌండ్లు ఇవ్వగలిగినవాళ్ళు పదే ఇవ్వండి, సంకోచపడకండి. పిల్లల చేత కూడా ఏదో కొంత వేయించండి, ఎందుకిస్తున్నారో చెప్పి వేయించండి. మీరు ఈ దేశంలో ఆదాయపు పన్ను కట్టేవాళ్ళయితే గిఫ్ట్ ఎయిడ్ ఫారం తప్పకుండా నింపండి. మీరిచ్చే ప్రతి పౌండుకు ప్రభుత్వం నుంచి 25 పెన్నీలు అదనంగా వస్తాయి, మీకు పైసా ఖర్చు లేదు. 100 పౌండ్లు ఇస్తే 125 అవుతుంది. ఆ ఏడాది మీరు కట్టిన పన్ను, మీరు అన్ని సంస్థలకూ ఇచ్చిన గిఫ్ట్ ఎయిడ్ కానుకల మీద వచ్చే అదనపు మొత్తానికి తగ్గకుండా ఉండాలి, అంతే. భార్యాభర్తల్లో పన్ను కట్టేవాళ్ళ పేరు మీదే ఫారం నింపండి.

ఇండియాలో ఉన్న బంధువులు, స్నేహితులు దయచేసి మాకు డబ్బు పంపొద్దు. మీ ప్రేమకు వందనాలు. ఆ డబ్బు మీ ఊరి మందిరానికి ఇవ్వండి. మన ఊళ్ళలో కూడా వందేళ్ళు దాటిన మందిరాలు పెచ్చులూడి ఉన్నాయి, వాటి పాత రిజిస్టర్లు చెదలపాలవుతున్నాయి. వాటిని చూసుకోవడం మీ వంతు. క్రైస్తవులు కాని తెలుగు మిత్రులు, భాష మీద మమకారంతో ఇవ్వదలచుకుంటే సంతోషంగా తీసుకుంటాం, రసీదు ఇస్తాం. చందా ఇచ్చినందుకు మిమ్మల్ని ఆరాధనకు రమ్మని ఒత్తిడి చేసేవాళ్ళు ఎవరూ ఉండరు.

కానుకల సంచిలో వేసేవాళ్ళు కవరు మీద "పాలర్స్‌పరీ" అని రాయండి, లేకపోతే మామూలు కానుకల్లో కలిసిపోతుంది. బ్యాంకు ద్వారా పంపేవాళ్ళు కోశాధికారి దగ్గర వివరాలు తీసుకుని, రెఫరెన్స్‌లో అదే మాట పెట్టండి. వాట్సాప్‌లో ఎవరో పంపిన అకౌంటు నంబరుకు మాత్రం పంపకండి. ప్రతి నెలా మొదటి ఆదివారం ఆరాధన తర్వాత వసూలైన మొత్తం చదివి వినిపిస్తాం. ఖర్చుల లెక్క బోర్డు మీద పెడతాం, ఎవరైనా చూడొచ్చు, అడగొచ్చు. సొమ్ము అందజేయడానికి వెళ్ళే రోజు వ్యాన్ మాట్లాడుతున్నాం. పెద్దవాళ్ళకు ముందు సీట్లు. రాదలచినవాళ్ళు మధ్యాహ్నం భోజనం ఇంటి నుంచే తెచ్చుకోండి, పేర్లు కార్యదర్శి దగ్గర ఇవ్వండి.

ఇట్లు,
విరాళాల సేకరణ కమిటీ సభ్యులు