రుచి చూసే గదిలో తమ్మపడిగ ఎక్కడ?

సంపాదకులకు,

అయ్యా,

వైన్ తయారుచేసే వైనరీల సందర్శనపై గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం ద్రాక్షతోటల అందాన్నీ పీపాల గదుల చల్లదనాన్నీ చక్కగా వర్ణించింది. అయితే ఆరు రకాల వైన్లు రుచి చూసిన మనిషి ఇంటికి ఎలా చేరాలన్న ప్రశ్న జోలికి మాత్రం పోలేదు. వైనరీలు చాలావరకు ఊళ్లకు దూరంగా, తోటల మధ్యనే ఉంటాయి కాబట్టి వచ్చేవారిలో ఎక్కువమంది సొంత వాహనాల్లో వచ్చి, వాటిలోనే తిరిగి వెళ్తారు. అందుకే అక్కడి గ్లాసులో ఏది పోస్తున్నారు, ఎంత పోస్తున్నారు అన్నది తాగేవారి సొంత వ్యవహారం మాత్రమే కాదని, రోడ్డు మీద ఎదురొచ్చే వారికి కూడా సంబంధించిన విషయమని నా అభిప్రాయం.

ఇటీవల ముగ్గురు స్నేహితులతో కలిసి నేనూ ఒక వైనరీలో వైన్లు రుచి చూపించే గదికి వెళ్లాను. తిరుగు ప్రయాణంలో కారు నడపవలసింది నేనే. పొడవాటి చెక్కబల్ల మీద ఒక్కొక్కరి ముందు ఆరేసి గ్లాసులు, మధ్యలో మంచినీళ్ల కూజా పెట్టారు. పోసే అమ్మాయి మర్యాదస్తురాలు, విషయం తెలిసిన మనిషి కూడా. ముందు తెల్ల వైన్లు, తరువాత ఎర్రవి, చివర తీపిది అన్న వరుస ఎందుకో ఓపికగా వివరించింది. కానీ కొలత లేదు, అంతా కంటి అంచనాయే. నా గ్లాసులో రెండు వేళ్ల మందం ఉంటే పక్కవారి గ్లాసులో మూడు వేళ్లు దాటింది. వైన్ రుచి చూసి మింగకుండా ఉమ్మడానికి పాత్ర కావాలని అడిగితే ఆమె ఒక క్షణం తటపటాయించి, "ఏమండీ, నచ్చలేదా?" అంది. చివరికి లోపలి అలమరలోంచి తళతళలాడే స్టీలు పాత్ర ఒకటి తెచ్చింది. దాని అడుగున అంటించిన ధర చీటీ ఇంకా అలాగే ఉంది. (మన భాషలో తమ్మపడిగ అనే చక్కని మాట ఉండగా దీన్ని ఉమ్మే బకెట్ అనడం నాకు నచ్చదు.)

వైన్లను వృత్తిగా పరీక్షించేవారు ఒక్క రోజులో పదుల కొద్దీ రకాలు చూస్తారు, దాదాపు అన్నింటినీ ఉమ్మేస్తారు. అది వారికి అమర్యాద కాదు, పని తీరు. మనం రుచి అనుకునే దానిలో చాలా భాగం నిజానికి వాసన, అది నోటి వెనుక నుంచి ముక్కుకు చేరుతుంది. ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి, కొంత ఓక్ పీపాల నుంచి వచ్చే టానిన్లు అనే పదార్థాలు లాలాజలంలోని ప్రోటీన్లతో కలిసినప్పుడు నాలుక పిడచకట్టినట్టయి వగరు తెలుస్తుంది. పులుపైతే దవడల పక్క నీళ్లూరిస్తుంది. ఇదంతా గుటక వేయకముందే జరిగిపోతుంది. మింగితే అదనంగా తెలిసేది ముఖ్యంగా గొంతులో ఆల్కహాలు వెచ్చదనమే.

లెక్క కూడా చూద్దాం. వైన్ పరీక్షకు అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1977లో నిర్దేశించిన గ్లాసులో సుమారు 215 మిల్లీలీటర్లు పడతాయి, అందులో పోయవలసింది 50 మాత్రమే. మిగతా ఖాళీ వాసన నిలవడానికి. ఆ 50 చొప్పున 13 శాతం ఆల్కహాలున్న వైన్లు ఐదు, ద్రాక్ష స్పిరిట్ (ద్రాక్ష నుంచి తీసిన గాఢమైన మద్యం) కలిపి 19 శాతానికి చేర్చిన తీపి వైన్ ఒకటి మింగితే, ఒంట్లోకి చేరే ఆల్కహాలు దాదాపు 33 గ్రాములు. దాన్ని గంటలోపు తాగిన 60 కిలోల మనిషి, ప్రపంచ ఆరోగ్య సంస్థ వాహన చోదకులకు సూచించిన 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల హద్దును దాటే అవకాశమే ఎక్కువ. కొలత లేకుండా పోస్తే ఈ లెక్క ఎక్కడికి పోతుందో చెప్పనక్కర్లేదు. శరీరం ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తంలోని ఆల్కహాలును గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల వంతునే తగ్గించుకుంటుంది, కాఫీ తాగినా, చన్నీళ్లతో ముఖం కడుక్కున్నా ఆ వేగం పెరగదు. "తాగలేదు, రుచి చూశానంతే" అని మనకు మనం ఎంత చెప్పుకున్నా రక్తానికి ఆ తేడా తెలియదు.

మింగాలో ఉమ్మాలో ఎవరి ఇష్టం వారిదే కదా అనవచ్చు. నిజమే, కానీ పాత్ర అలమరలో ఉన్నప్పుడు ఆ ఇష్టానికి చోటెక్కడ? పదిమందిలో ఉమ్మడానికి మొహమాటపడేవారు అడిగి తెప్పించుకోరు, మింగేసి ఊరుకుంటారు. ఆరు వైన్ల పేర్లతో మాకు ఇచ్చిన అందమైన కార్డు మీద పండు రకం, పంట ఏడాది, పీపాలో ఎన్ని నెలలు ఉంచారో అన్నీ ఉన్నాయి గాని ఆల్కహాలు శాతం లేదు. ఆ అంకె కోసం సీసా తిప్పి చూడవలసి వచ్చింది.

కాబట్టి ఇటువంటి గదులకు లైసెన్సు ఇచ్చే అధికారులు, బల్లకొక తమ్మపడిగ ముందే పెట్టి ఉండాలని, ప్రతి గ్లాసు మీద 50 మిల్లీలీటర్ల గీత ఉండాలని, కార్డు మీద ప్రతి వైన్ పేరు పక్కన దాని శాతం అచ్చు వేయాలని షరతు పెట్టాలని కోరుతున్నాను. వీటిలో పెద్ద ఖర్చుతో కూడినది ఒక్కటీ లేదు. ఉమ్మినా నోటి పొరల గుండా కొంత ఒంట్లో చేరుతుంది గనుక కారు నడిపే మనిషి అసలు గ్లాసు ముట్టకుండా ఉండటమే మేలు, ఆ సంగతి నేనూ అక్కడికి వెళ్లాకే ఆలోచించాను. అలా ఉండదలచిన వారికి పులియబెట్టని ద్రాక్షరసం పోసి, సగం రుసుము తీసుకునే ఏర్పాటైనా ఉండాలి. నేను రెండు వైన్ల దగ్గరే ఆగిపోయి, అవీ ఉమ్మేసినా, బిల్లులో నాకు పడింది మాత్రం ఆరింటి రుసుమే.

ఇట్లు,
ఒక పాఠకురాలు