కట్టెల వ్యాపారంలో ముందు చూడాల్సింది ఆరబెట్టే జాగా

సంపాదకులకు నమస్కారం.

విజయవాడ చుట్టూ హైవేల పక్కన 'కట్టెల పొయ్యి వంట' అని బోర్డు పెట్టిన హోటళ్ళు పెరిగాయి. ముహూర్తాల రోజుల్లో వంట మేస్త్రీలు నేలలో తవ్విన గాడిపొయ్యిలోకి కట్టె అడుగుతూనే ఉన్నారు. 19 కిలోల గ్యాస్ బండ ధర పెరిగినప్పుడల్లా టీ కొట్లు, టిఫిన్ సెంటర్లు కూడా ఇటు చూస్తున్నాయి. దాంతో నందిగామ నుంచి గుంటూరు దాకా చాలామంది కుర్రాళ్ళు ఒక చీల్చే మిషను, ఒక టాటా ఏస్ కొనుక్కుంటే కట్టెల అడితి నడిచిపోతుందని లెక్కలు వేసుకుంటున్నారు. ఈ ఉత్తరం వాళ్ళకోసం, వాళ్ళ దగ్గర కట్టె కొనేవాళ్ళకోసం. ఈ వ్యాపారంలో లాభనష్టాలు తేలేది ఆరబెట్టే దగ్గర. చీల్చడం, చేరవేయడం ఎవరైనా నేర్చుకోవచ్చు.

అప్పుడే కొట్టిన కట్టె బరువులో దాదాపు సగం నీళ్ళే. పొయ్యిలోకి పనికొచ్చే ఎండు కట్టెలో తేమ 20 శాతం దాటకూడదు. అంటే పచ్చి కట్టె టన్ను కొంటే అందులో అసలు కర్ర 500 కిలోలు. అది 20 శాతం తేమకు వచ్చేసరికి కాటా మీద 625 కిలోలు తూగుతుంది. మిగతా 375 కిలోలు గాలిలో కలిసిపోతాయి. ఉదాహరణకు టన్ను 4,000 రూపాయలకు కొన్నారనుకుందాం. ఎండిన కట్టె కిలో 6 రూపాయల 40 పైసలు పడినట్టు. కోత పొట్టు, రాలిన బెరడు, కూలి, బాడుగ దీనిపైన. కొన్న ధర కిలో 4 రూపాయలే కదా అని 6 రూపాయలకు ఎండు కట్టె ఒప్పుకున్నవాడు మొదటి సీజన్‌లోనే చేతులెత్తేస్తాడు, ఎక్కడ పోయిందో కూడా తెలియదు.

కొనేవాళ్ళ వైపు నుంచి చూసినా ఇదే లెక్క. 20 శాతం తేమ ఉన్న కట్టె కిలో మండితే సుమారు 3,400 కిలో కేలరీల వేడి వస్తుంది. సగం నీళ్ళున్న కట్టె కిలోకి 1,900 దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే మంటలో కొంత భాగం ఆ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. పచ్చి కట్టె కిలో రూపాయి తక్కువకు దొరికిందని సంతోషించే హోటలు యజమాని, అదే బిర్యానీ డేగిశాకి ఒకటిన్నర రెట్లకు పైగా కట్టె తగలేస్తున్నాడు. పొగ, గిన్నె అడుగున మసి, వంటవాడి కళ్ళమంట వేరే.

అందుకే చీల్చిన తర్వాతే ఆరబెట్టాలి. చాలా అడితుల్లో దుంగలను అలాగే గుట్ట పోసి, ఆర్డరు వచ్చినప్పుడు చీల్చి పంపుతుంటారు. కర్రలోని నీరు ఎక్కువగా కోసిన కొనల నుంచి, చీలిన ముఖాల నుంచి పోతుంది. బెరడు దాన్ని ఆపేస్తుంది. బెరడుతో ఉన్న అడుగు మందం దుంగ వేసవి అంతా ఎండలో పడి ఉన్నా లోపల పచ్చిగానే ఉంటుంది. అదే కట్టెను రెండడుగుల ముక్కలుగా కోసి, మూడు నాలుగు అంగుళాల మందాన చీల్చి మాఘంలో పేరిస్తే, మన విజయవాడ ఎండలకు రోహిణి కార్తె నాటికి చక్కగా ఎండుతుంది. పైగా జామాయిల్, సరుగుడు లాంటివి పచ్చిగా ఉన్నప్పుడే తేలిగ్గా చీలతాయి. ఎండాక గొడ్డలి ఎగిరి మీదకు వస్తుంది.

పేర్చే తీరులోనూ తప్పులు జరుగుతుంటాయి. నేల మీద నేరుగా పేర్చకూడదు. ఇటుకలో పాత స్తంభాలో వేసి అరడుగు ఎత్తు లేపాలి. నేలతేమ ఎక్కదు, చెద పట్టదు, అడుగున పాములు, తేళ్ళు చేరితే కనపడతాయి. వరసకూ వరసకూ మధ్య అడుగున్నర సందు, ఎత్తు ఆరడుగులకు మించకుండా, వరసల కొనలు గాలి వచ్చే వైపుకు. సాయంత్రం పైరగాలి ఆ సందుల్లోంచి దూసుకుపోవాలి. టార్పాలిన్ పైన మాత్రమే కప్పాలి. చుట్టూతా కప్పి తాడు బిగిస్తే లోపల ఆవిరి పట్టి వారంలో బూజు లేస్తుంది. సుబాబుల్ ఎక్కువకాలం నిలవ పెడితే పిండి పురుగు తొలుస్తుంది. వరసల కింద మెత్తటి పొడి రాలుతుంటే ఆ సరుకును ముందు అమ్మేయాలి.

ఎండిందో లేదో కంటితో చెప్పడం కష్టం. కొనల్లో పగుళ్ళు, ఊడిపోయే బెరడు, రెండు ముక్కలు కొడితే టంగుమనే శబ్దం, ఇవన్నీ సూచనలే. నమ్మకమైన పద్ధతి చవకైనది కూడా. ప్రతి వరసలో రెండు ముక్కలకు సుద్దతో గుర్తు పెట్టి వారానికోసారి చిన్న కాటా మీద తూచి రాసుకోవాలి. మూడు వారాలు బరువు తగ్గకుండా నిలిచిపోతే ఆ కాలానికి ఎండవలసినంత ఎండినట్టే. రెండు సూదుల తేమ మీటరు కొంటే ఇంకా మంచిది. కానీ దాన్ని పై ముఖానికి గుచ్చితే తప్పుడు లెక్క చూపిస్తుంది. ముక్కను అప్పటికప్పుడు మధ్యకు చీల్చి, కొత్తగా తెరుచుకున్న ముఖానికే గుచ్చాలి. కొనేవాళ్ళు కూడా ఇదే పరీక్ష అడగాలి. వానకు పైపైన తడిసిన ఎండు కట్టె రెండు మూడు రోజుల గాలికి మామూలవుతుంది, దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు. పచ్చి కట్టె సంగతి వేరు.

ఇప్పుడు జాగా లెక్క. రోజుకు అర టన్ను అమ్మే చిన్న అడితినే తీసుకోండి. జూన్ నుంచి అక్టోబరు దాకా వానల్లో కొత్తగా ఏదీ ఎండదు. ఆ 150 రోజులకు 75 టన్నుల ఎండు కట్టె మే నెలాఖరుకే చేతిలో ఉండాలి. అంటే వేసవికి ముందే 120 టన్నుల పచ్చి కట్టె కొని ఉండాలి. పై ఉదాహరణ ధరకే 4 లక్షల 80 వేలు అక్కడ ఇరుక్కుంటాయి. పేర్చిన ఎండు కట్టె ఘనపు మీటరుకు సుమారు అర టన్ను తూగుతుంది కాబట్టి 75 టన్నులకు 150 ఘనపు మీటర్లు. ఆరడుగుల ఎత్తు పేరిస్తే, సందులతో కలిపి దగ్గర దగ్గర 200 గజాలు. లారీ తిరగడానికి, కోతకు, కాటాకు ఇంకో 150 గజాలైనా ఉండాలి. ఇంత జాగా ఊరి నడుమ బాడుగకు దొరకదు, దొరికినా గిట్టదు. అలాగని చవకగా ఉందని పల్లంలో తీసుకోవద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్ళు నిలిచిన సంగతి అందరికీ తెలుసు. నీళ్ళు వస్తే ఎండు కట్టె మునగదు, తేలి కొట్టుకుపోతుంది. పైన కరెంటు తీగలు లేని, పక్కన బీడీ కాల్చేవాళ్ళు గుమికూడని మెరక చూసుకోవాలి. నీళ్ళ తొట్టి, ఇసుక బకెట్లు వేసవిలో తప్పనిసరి.

చీల్చే మిషనులో ఆయిల్ ఒత్తిడితో సిలిండరులోని పిస్టన్ కట్టెను నెడుతుంది. ఆ నెట్టే బలం గురించి అమ్మేవాళ్ళు చెప్పే టన్నుల లెక్కను చిన్న గుణకారంతో సరిచూడొచ్చు. సిలిండరు లోపలి వ్యాసం 100 మిల్లీమీటర్లయితే పిస్టన్ ముఖం 78.5 చదరపు సెంటీమీటర్లు. పంపు 150 బార్ ఒత్తిడి ఇస్తే నెట్టే బలం 12 టన్నులు. 20 టన్నులని చెబితే ఒత్తిడి 250 బార్ ఉండాలి. ఆ ఒత్తిడికి గొట్టాలు, వాల్వు సరిపోతాయా అని అడగండి. 5 హెచ్‌పీ మోటారుతో 150 బార్ దగ్గర నిమిషానికి 12 లీటర్ల ఆయిలే వస్తుంది. పిస్టన్ అర మీటరు కదలడానికి 4 లీటర్లు కావాలి, అంటే ముందుకు పోవడానికే 20 సెకన్లు. 250 బార్ అయితే అర నిమిషం. 5 హెచ్‌పీతో 20 టన్నుల బలం, పది సెకన్లలో ఒక ముక్క, రెండూ కలిసి కుదరవు. రెండు దశల పంపు ఉంటే ఖాళీగా పోయేటప్పుడు వేగంగా, కట్టె తగిలాక నెమ్మదిగా పోతుంది, దానికి ఎక్కువ డబ్బు పెట్టినా వృథా కాదు. సరుగుడు, సుబాబుల్‌కు 12 టన్నులు చాలు. చింత మొద్దుల జోలికి చిన్న మిషనుతో పోవద్దు. పీచు అల్లుకుపోయి చీల్చే బ్లేడు మధ్యలో ఇరుక్కుంటుంది. ముడులున్న దుంగను నడిమికి చీల్చబోకుండా అంచుల నుంచి పలకలుగా తీసుకుంటూ రావాలి. పంగ ఉన్న కొమ్మయితే పంగకు దూరంగా ఉన్న కొన నుంచి మొదలుపెట్టాలి.

మే నెలలో ఆయిల్ కాగిపోవడం మన దగ్గర పెద్ద ఇబ్బంది. ట్యాంకు చిన్నదైతే మధ్యాహ్నానికే ఆయిల్ పల్చబడి బలం తగ్గుతుంది, సీళ్ళు కారతాయి. పంపు నిమిషానికి ఇచ్చే ఆయిల్‌కు రెండు మూడు రెట్లు పట్టే ట్యాంకు, నీడ, వేసవిలో 46 బదులు ఇంకా చిక్కటి 68 గ్రేడు ఆయిల్ ఉండాలి. బలం తగ్గింది కదా అని, ఒత్తిడి హద్దు దాటకుండా కాపాడే రిలీఫ్ వాల్వును బిగించేవాళ్ళున్నారు. అది గొట్టం పగలడానికి దారి. ఆయిల్‌లో నురగ కనపడితే పీల్చే గొట్టం దగ్గర గాలి దూరుతోందని అర్థం. సన్నటి కారుడు ఎక్కడో వెతకడానికి చెయ్యి పెట్టి తడమొద్దు, అట్టముక్క పెట్టి చూడాలి. ఆ ఒత్తిడికి ఆయిల్ చర్మంలోకి చొచ్చుకుపోతుంది, వేలు తీసేయాల్సి రావచ్చు.

ప్రమాదాలు ఎక్కువగా ఒకడు కట్టె పట్టుకుని ఇంకొకడు లీవరు లాగినప్పుడు జరుగుతాయి. మిషను దగ్గర ఒక్కరే ఉండాలి, రెండు చేతులూ పెడితేనే కదిలేలా లీవర్లు ఉండాలి. కొన ఏటవాలుగా కోసిన ముక్క జారి ఎగురుతుంది, కాబట్టి రంపం దగ్గరే తిన్నగా కోయించాలి. ట్రాక్టరుకు తగిలించే తిరుగుడు కోను చవకే కానీ దాన్ని మా సలహాగా ఎవరికీ చెప్పం. లుంగీ అంచో, మెడలో తువ్వాలో చుట్టుకుంటే ఆపే వ్యవధి ఉండదు.

ఏ కట్టె ఎవరికి అన్నది తెలియకపోతే సరుకు తిరిగొస్తుంది. బిర్యానీకి, గాడిపొయ్యికి సరుగుడు, తుమ్మ, సర్కారు తుమ్మ మంచివి, నిప్పు నిలుస్తుంది. సర్కారు తుమ్మకు ముళ్ళు తీసే కూలి ఎక్కువ. సుబాబుల్ త్వరగా అంటుకుని త్వరగా అయిపోతుంది, టీ కొట్లకు, టిఫిన్లకు బాగుంటుంది. మామిడి తేలిక, పొగ ఎక్కువ. హోటలు పొయ్యికి అడుగున్నర, రెండడుగులు, గాడిపొయ్యికి మూడడుగులు అడుగుతారు. రంగు వేసిన పాత తలుపులు, ప్లైవుడ్, పాత రైల్వే స్లీపర్లు వంటకు అస్సలు ఇవ్వకూడదు. ప్యాకింగ్ చెక్కల మీద ఇంగ్లిషులో ఎంబీ అని ముద్ర ఉంటే పురుగుమందు పొగ పెట్టినట్టు, అది పొయ్యిలోకి రాకూడదు. హెచ్‌టీ అని ఉంటే వేడి చేసింది.

బండి సంగతి క్లుప్తంగా. టాటా ఏస్ ట్రాలీ ఏడడుగుల పొడవు, దాదాపు ఐదడుగుల వెడల్పు, అడుగు ఎత్తు. అంచుల మట్టానికి ఎండు కట్టె పేరిస్తే అర టన్ను. దాని మీద ఇంకో అడుగు లేపితే టన్ను, బండి మోయగలిగేది ముప్పావు టన్నే. వన్‌టౌన్ సందుల్లోకి, కొండ మెట్ల ఇళ్ళకు పొద్దున్న ఆరు లోపలే చేరాలి; మోత కూలి ఎవరిదో ముందే మాట్లాడుకోవాలి. కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఏటా వేయించి, చీటీ మీద బరువుతో పాటు తేమ శాతం కూడా రాసివ్వాలి.

కాగితాల విషయంలో బద్ధకం పనికిరాదు. చెట్లు కొట్టడం 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం పరిధిలోకి వస్తుంది. ఏ జాతికి అనుమతి కావాలి, ఏ జాతికి రవాణా పర్మిట్టు అక్కర్లేదు అన్నది అటవీ రేంజి కార్యాలయంలో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. రైతు పాసుపుస్తకం నకలు, కొన్న రసీదు, కాటా చీటీ బండిలోనే ఉంచాలి. రంపపు మిషను బిగించే ముందు సా మిల్లు లైసెన్సు నిబంధనలు అడగండి, చీల్చే మిషను వేరు, రంపం వేరు.

చివరిగా శ్మశానాల గురించి. దహనానికి పచ్చి కట్టె అంటగట్టడం దుఃఖంలో ఉన్నవాళ్ళకు చేసే అన్యాయం. మంట నిలవక కిరోసిన్, టైరు ముక్కలు వెతుక్కుంటారు, సగంలో ఆరిపోతే ఆ కుటుంబం పడే బాధ చెప్పనలవి కాదు. విజయవాడ, గుంటూరు నగరపాలక సంస్థలు తమ శ్మశానాలకు కట్టె సరఫరా చేసేవారి ఒప్పందంలో తేమ 20 శాతం మించకూడదని, దించే చోటే ముక్క చీల్చి మీటరుతో చూడాలని ఒక షరతు పెట్టాలి. కరెంటు తీగల కోసం కొట్టే కొమ్మలను, గాలివానలకు పడిన చెట్లను చెత్తతో కలపకుండా ఒక మెరక జాగాలో కోసి, చీల్చి, పేర్చి ఆరబెడితే శ్మశానాల అవసరంలో కొంత అక్కడే తీరుతుంది. వేసవి చివరికల్లా సరుకు కావాలంటే ఆ పని సంక్రాంతి లోపలే మొదలుకావాలి.

- కట్టెల అడితి నిర్వాహకులు, విజయవాడ