బ్యాంకు మేడమ్ గారికి, మా వీధి బాబాయికి కృతజ్ఞతలు

గజపతినగరంలో మా ఖాతా ఉన్న బ్యాంకులో కౌంటర్ దగ్గర కూర్చునే మేడమ్ గారికి అందరి ముందూ దండం పెట్టి చెప్పుకోవాల్సిన మాట ఇది. ఆవిడ ఆపకపోతే మా అమ్మ బంగారం కుదువ పెట్టి తెచ్చిన 1,85,000 రూపాయలు పోయిన గురువారమే పోయేవి.

నేను అద్దె బండిలో విజయనగరం రైతు బజారుకి కూరగాయలు తోలుతుంటాను. సొంతంగా ట్రాలీ ఆటో కొనాలని ఎన్నాళ్ళ నుంచో చూస్తున్నాను. ఫైనాన్స్ వాళ్ళు సీజ్ చేసిన బండ్లకి ఆన్‌లైన్ వేలం అని ఫోన్‌లో ప్రకటన కనబడింది. ఫొటోలో బండికి ఏపీ 35 నంబరు. మన జిల్లా బండే కదా అని నమ్మి డిపాజిట్ 20,000 ఫోన్‌లోనే కొట్టేశాను. మర్నాడు ఫోన్ చేసి, వేలం మీకే వచ్చింది, సాయంత్రం నాలుగు లోపు మిగతాది వెయ్యకపోతే డిపాజిట్ కూడా పోతుందన్నారు. బండి చూస్తానంటే గాజువాక యార్డులో ఉంది, డబ్బు పడ్డాకే లోపలికి రానిస్తామన్నారు.

మిగతా డబ్బు ఆ ఖాతాకి పంపడానికి బ్యాంకులో నెఫ్ట్ ఫారం ఇచ్చాను. మేడమ్ గారు దాన్ని నావైపు తిప్పి, పేరు రాసిన చోట పెన్ను ఆనించి అడిగారు: "ఏటి బాబూ, కంపెనీకి కడుతున్నానన్నావు, ఇక్కడ మనిషి పేరుంది. బ్రాంచి చూస్తే మన రాష్ట్రమే కాదు."

వెనకాల లైను, నాకు నాలుగు లోపు వెయ్యాలన్న టెన్షన్. "మీకెందుకు మేడమ్, వేసేయండి" అన్నాను, గట్టిగానే. ఆ మాటకి క్షమించమని ఇక్కడే అడుగుతున్నాను. ఆవిడ కోప్పడలేదు. పక్కన కుర్చీలో కూర్చోబెట్టి చెప్పారు. 2002 నాటి సర్ఫేసీ చట్టం (బ్యాంకులు మొండి బాకీలు వసూలు చేసుకునే చట్టం) కింద బ్యాంకు ఇల్లు వేలం వేసినా, పాడుకున్నవాళ్ళు పావు వంతు ఆ రోజో మర్నాటి పనిదినానికో కడితే చాలట, మిగతాదానికి పదిహేను రోజులు గడువుంటుందట. "ఇంటికే అంత టైమిస్తే, ఆటోకి సాయంత్రం దాకానా? ముందు బండి చూసి రా" అన్నారు.

బయటికొచ్చి మా వీధి బాబాయికి ఫోన్ చేశాను. ఆయన ఆర్టీవో ఆఫీసు పనులు చేస్తారు. బండ్ల వివరాలు చూపించే ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో ఆ నంబరు కొట్టి చూస్తే అది స్కూటర్‌ది! నాకు కాళ్ళు వణికాయి. బాబాయి మాత్రం ఆలస్యం చెయ్యకుండా నాచేత సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించారు. డబ్బు వెళ్ళిన టైము, యూపీఐ నంబరు, నా ఖాతా వివరాలు ఒక్కొక్కటీ పక్కనుండి చెప్పించారు. పోయిన 20,000లో 12,000 అవతలి ఖాతాలోనే ఆపగలిగారు. అది ఇంకా చేతికి రాలేదు. ముందురోజే ఫోన్ చేసుంటే మిగతాది కూడా దొరికేదేమోనని బాధగానే ఉంది.

అమ్మ సోమవారం బంగారం విడిపించుకొచ్చింది. మేడమ్ గారికి మా పెరట్లో కాసిన బొప్పాయిలు పట్టుకెళ్తే, "బండి దొరికిందా?" అనే ముందు అడిగారు. బొండపల్లిలో ఒకాయన ట్రాలీ ఆటో అమ్ముతున్నారు. ఆర్సీ మీద ఫైనాన్స్ ఉందో లేదో బాబాయి చూశారు, లేదు. ఆదివారం మెకానిక్‌ని వెంటబెట్టుకుని చూడ్డానికి వెళ్తున్నాం.