మనిషిలాంటి రోబో తర్వాత, ముందు మా లోడర్ సంగతి చూడండి

విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

రోబోటిక్స్ పరిశోధన మన ఊరికి రావాలంటున్నారు, సంతోషం. ఖనిజం యార్డుల్లో బకెట్‌తో ఖనిజం ఎత్తిపోసే లోడర్ బండ్లు బాగుచేసే మెకానిక్‌గా నా మాట కూడా వినండి.

డ్రైవర్ లేని కారుకు జగదాంబ జంక్షన్ ఇప్పట్లో లొంగదు. ఏ ఆటో ఎటు తిరుగుతుందో ఆటో అన్నకే తెలియదు! గని, యార్డు అలా కాదు. దారులు తెలిసినవే, బయటి బండి రాదు. అందుకే చిలీలోని గాబ్రియేలా మిస్ట్రాల్ రాగి గనిలో 2008లోనే డ్రైవర్ లేని భారీ ట్రక్కులు దిగాయి. ఆస్ట్రేలియాలో పిల్బరా ఇనుప గనుల ట్రక్కులను దాదాపు 1,500 కిలోమీటర్ల దూరంలోని పెర్త్ నుంచి గమనిస్తుంటారు.

ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిలా ఇనుప ఖనిజం కొత్తవలస-కిరండూల్ రైలు లైన్ మీద ఇక్కడికే వస్తుంది. యార్డులో ఆపరేటర్ ముఖానికి తడి తువ్వాలు చుట్టుకుని, అద్దం మీది ఎర్రదుమ్ము తుడుచుకుంటూ బకెట్ ఎత్తుతాడు. లోడర్‌ను కూడా డ్రైవర్ లేకుండా నడపాలంటే, ఆ దుమ్ములో కెమెరా, లైడార్ (లేజర్ కాంతితో దూరం కొలిచే పరికరం) కూడా తడబడతాయి. పరిశోధించాల్సింది అదే. ఆంధ్రా యూనివర్సిటీ, కంచరపాలెం పాలిటెక్నిక్ పిల్లలకు ఏదైనా యార్డులో ఓ మూల ట్రయల్‌కి ఇప్పించండి.

ఉద్యోగాలు పోతాయని మాకు టెన్షన్ ఉంది, దాచేదేం లేదు. లోడర్లను దూరం నుంచి చూసుకునే రిమోట్ గదిలో కూర్చునే మొదటి బ్యాచ్ ఇప్పటి ఆపరేటర్లే కావాలి. జీతం తగ్గకూడదు. ఇది కాగితం మీద ఉండాలి. మనిషిలా నడిచే రోబో అంటారా, తుప్పు పట్టిన బోల్టు విప్పడం దానికి వచ్చాక చూద్దాం.

కాలేజీలను, యూనియన్లను కలిపి ఒక సమావేశం పెట్టండి. సాయంత్రం షిఫ్టు దిగాక అయితే మేమూ వస్తాం.

ఇట్లు,
ఒక లోడర్ మెకానిక్