పని చేయకుండానే పూర్తయిందని ఎలా రాసుకున్నారు? కోవూరు నుంచి ఒక ఫిర్యాదు

మేనేజరు గారికి,

విషయం: కీచురాళ్లు ఇంట్లోకి రాకుండా చేస్తామని ఏడాది కాంట్రాక్టుకు డబ్బు కట్టించుకుని, తర్వాత పట్టించుకోకపోవడం గురించి.

అయ్యా,

నిన్న సాయంత్రం మీ కంపెనీ నుంచి నా ఫోన్‌కు మళ్లీ అదే మెసేజ్ వచ్చింది. ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?’ అని. ఎవరు పరిష్కరించారండీ? ఎప్పుడు? మీ మనిషి మా గడప తొక్కి నెల దాటింది. ఫోన్లో చెప్పి చెప్పి విసిగిపోయి ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. దయచేసి ఆసాంతం చదవండి. ఇంతవరకు మీ దగ్గర నా మాట చివరిదాకా విన్నవాళ్లు లేరు.

మాది నెల్లూరు జిల్లా కోవూరు. మా ప్రహరీ దాటితే వరి పొలాలే. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలై పొలాల్లో, గట్ల మీద నీళ్లు చేరాయంటే కీచురాళ్లు ఆరిన చోటు వెతుక్కుంటూ ఇళ్లలోకి వస్తాయి. వరండాలో తెల్ల లైటు వెలుగుతుంటే ఇంకా ఎక్కువ వస్తాయి. ఈ ఊళ్లో పుట్టి పెరిగినదాన్ని, వాటి అరుపు నాకు కొత్త కాదు. కానీ నేను ఇంట్లోనే చీరలకు ఫాల్స్ కుట్టి పీకో చేసి ఇస్తాను. ముందు గదిలో ఎప్పుడూ పరాయివాళ్ల చీరలు ఉంటాయి. కీచురాయి నూలు కొరుకుతుంది, పట్టు కొరుకుతుంది, చెమటో తిండి మరకో అంటిన చోటైతే అసలు వదలదు. అందుకే మీకు ఫోన్ చేశాను.

మీకు నేను నిన్న మొన్నటి కస్టమర్‌ని కాదు. ఈ ఇల్లు కట్టేటప్పుడు పునాదిలో చెదల మందు కొట్టింది మీరే. తర్వాత వంటింట్లో బొద్దింకలకు జెల్ పెట్టింది మీరే. బుచ్చిరెడ్డిపాలెంలో మా ఆడబిడ్డ వేరే వాళ్లను పిలుస్తుంటే వద్దని చెప్పి మీ నంబరు ఇచ్చింది నేనే. మా వీధిలో మీకు కాంట్రాక్టు ఇచ్చిన ఇళ్లలో చాలావాటికి నా మాటే పూచీ. ఇప్పుడు వాళ్లు ‘మీ కంపెనీ వాళ్లు వచ్చారా అక్కా?’ అని అడుగుతుంటే నాకు తల కొట్టేసినట్టుంది.

డబ్బు కట్టించుకునే రోజు వచ్చిన మీ మనిషి అంతా సరిగ్గానే చెప్పాడు. మందు ఒక్కటే కొడితే లాభం లేదన్నాడు. లోపల ఉన్నవి చచ్చినా, మళ్లీ వాన పడగానే పొలంలోంచి కొత్తవి వస్తాయన్నాడు. కాబట్టి ముందు తలుపుల కింద రబ్బరు పట్టీ వేసి, బాత్రూం తూముకు సన్న జాలీ బిగించి, సింకు పైపు గోడలోకి పోయే చోట సందు పూడ్చి, ఆ తర్వాత గడపల వెంట, గోడ మూలల వెంట మందు కొడతామన్నాడు. వరండా లైటు తీసేసి పసుపు బల్బు పెట్టుకోమన్నాడు, ఆ పూటే మార్చాను. ఆ మాటల మీద నమ్మకంతోనే ఏడాది డబ్బు ఒక్కసారే కట్టాను.

తర్వాత వచ్చిన కుర్రాడి దగ్గర మందు డబ్బా తప్ప ఏమీ లేదు. పట్టీలు స్టాకు లేవు, వారంలో వస్తాయన్నాడు. హాలు నడిమధ్య, సోఫా కింద కొట్టి, వెనక తలుపు గడప జోలికి పోకుండానే సంతకం పెట్టమన్నాడు. ఏం మందు బాబూ అని అడిగితే ‘ఆఫీసుకు ఫోన్ చేయండి మేడమ్’ అన్నాడు. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. చేతిలో ఏం పెట్టి పంపితే అదే కదా చేస్తాడు.

ఆఫీసుకు ఫోన్ చేయడం మొదలుపెట్టాక నా కష్టాలు మొదలయ్యాయి.

మొదట మాట్లాడిన అమ్మాయి, కీచురాళ్లు తన కంప్యూటర్ లిస్టులో లేవంది. బొద్దింకలని రాసుకుంటానంది. ‘అలా రాయకమ్మా, బొద్దింకలకు చేసే పని వేరు’ అని బతిమాలాను. అయినా బొద్దింకలనే రాసింది. రెండు రోజులకు, వంటింట్లో జెల్ పెట్టాలి ఖాళీ చేసి ఉంచమని మెసేజ్ వచ్చింది. గిన్నెలన్నీ దించి, డబ్బాలన్నీ హాల్లో పెట్టుకుని పొద్దుటి నుంచి పొద్దుపోయేదాకా కూర్చున్నాం. ఎవరూ రాలేదు. రాత్రి ఫోన్ చేస్తే తెలిసింది, మనిషిని గోదావరి జిల్లా కొవ్వూరుకు పంపారట! నా చిరునామాలో నెల్లూరు జిల్లా అని ఉంది, 524తో మొదలయ్యే పిన్‌కోడ్ ఉంది. కాంట్రాక్టు కాగితం మీద అచ్చు వేసింది మీరే. పైగా ఆ అబ్బాయి ‘కస్టమర్ అందుబాటులో లేరు’ అని రాసుకున్నాడు. ఇల్లంతా పీకి పెట్టుకుని ఎదురుచూసిన నేను అందుబాటులో లేనా?

ఆ తర్వాత ఇంకొకాయన ఫోటో పంపితేనే ఫిర్యాదు తీసుకుంటామన్నాడు. కూసేది మగ కీచురాయి, రెక్క మీద రెక్క రాసి కూస్తుంది. మనిషి అడుగు నేలకు తగిలితే చాలు, ఆ అదురుకే నోరు మూసుకుంటుంది. ఫ్రిజ్ వెనక నక్కినదాన్ని అర్ధరాత్రి ఫోటో ఎలా తీయాలి? అయినా చీకట్లో కూర్చుని అరుపు వినపడేలా వీడియో తీసి పంపాను. ‘వీడియోలో పురుగు కనపడలేదు’ అని తిప్పి పంపారు. చివరికి తూము దగ్గర చచ్చిపడి ఉన్నదాన్ని ఫోటో తీసి పంపాను. దానికి మీ వాళ్ల జవాబు: ‘చనిపోయింది కదా మేడమ్, మందు పని చేసినట్టే.’ ఆ పూటే ఫిర్యాదు మూసేశారు.

మా అత్తమ్మ గుండె జబ్బు మనిషి, రాత్రి నిద్ర లేకపోతే మర్నాడు లేవలేదు. నేను స్పీకర్‌లో పెట్టుకుని లైను కోసం కూర్చుంటే ‘ఎవురికమ్మా ఇంతసేపు చేస్తుండావు, వాళ్లు రారులే, ఆ ఫోను పెట్టెయ్’ అంటుంది. పెద్ద మనిషికి అర్థమైంది, మీ మీద నమ్మకం పెట్టుకున్న నాకే ఇన్నాళ్లు అర్థం కాలేదు.

పని మానుకుని పెన్నా దాటి నెల్లూరులో మీ బ్రాంచికి కూడా వచ్చాను. ఫిర్యాదులన్నీ టోల్‌ఫ్రీలోనే చెప్పాలన్నారు. అక్కడే నిలబడి టోల్‌ఫ్రీకి చేస్తే, బ్రాంచిలో అడగమన్నారు. ఫోన్ బ్రాంచిలో కూర్చున్నాయన చేతికిచ్చి ‘మీరూ మీరూ మాట్లాడుకోండి’ అన్నాను. ఆయన తీసుకోలేదు. ‘సార్ ఫీల్డుకు పోయారు, వచ్చాక చేయిస్తాం’ అన్నాడు. ఆ సార్ ఇంకా ఫోన్ చేయలేదు.

ఈలోగా జరగకూడనిది జరిగింది. పెళ్లికూతురి తల్లి ఒకామె వెంకటగిరి చీర ఇచ్చి వెళ్లింది. ఫాల్ కుడదామని మడత విప్పితే జరీ అంచుకు బెత్తెడు పైన పెసరగింజంత రంధ్రాలు, పక్కపక్కనే మూడు. చుట్టూ పోగులు నలిగి పీచు లేచి ఉన్నాయి. రఫ్ఫు చేయించినా వెలుగులో పట్టి చూస్తే తెలిసిపోతుంది. ఆమె ఒక్క మాట అనలేదు, చీర తీసుకుని వెళ్లిపోయింది. ఆ చీర ఖరీదు నేను కట్టుకుంటాను. పోయిన నా పేరు ఎవరు తెచ్చిస్తారు? పట్టీ వేసి ఉంటే ఇది జరిగేదా?

డబ్బు వెనక్కి ఇమ్మంటారా అని మీ వాళ్లు ఒకసారి అడిగారు. డబ్బు సంగతి తర్వాత. ఒప్పుకున్న పట్టీలు, జాలీ, సందులు పూడ్చే పని ముందు చేయండి. మా ఇంట్లో కొట్టిన మందు పేరేమిటో రాసి ఇవ్వండి. ఇంట్లో చంటిబిడ్డ నేల మీద పాకుతున్నాడు, తెలుసుకునే హక్కు నాకుంది. చేయని పనిని పూర్తయిందని రాసింది ఎవరో కూడా నాకు తెలియాలి.

ఇక మీరు తెలుసుకోవాల్సినవి చెబుతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం డబ్బు తీసుకుని ఒప్పుకున్న పని చేయకపోవడం సేవా లోపం. మీ హెడ్డాఫీసు ఎక్కడున్నా నేను ఉంటున్న జిల్లాలోనే, నెల్లూరు వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు లేకుండా నేనే నిలబడి చెప్పుకోవచ్చు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఎలాగూ ఉంది. ఇళ్లలో పురుగుమందు కొట్టే వ్యాపారానికి 1968 క్రిమిసంహారక మందుల చట్టం కింద లైసెన్సు ఉండాలి. మీ లైసెన్సు కాపీ ఇవ్వమని అడుగుతాను, ఇవ్వకపోతే వ్యవసాయ శాఖ వాళ్లనే అడుగుతాను. మీ మెసేజ్‌లు, కాల్ రికార్డులు, ఆ చచ్చిన కీచురాయి ఫోటో, చీర ఫోటోలు అన్నీ దాచాను. మా వీధిలో కాంట్రాక్టు ఉన్న వాళ్లందరికీ ఈ ఉత్తరం చూపించాను, బుచ్చిలో మా ఆడబిడ్డకు కూడా పంపాను.

ఈ ఉత్తరం మీ బ్రాంచికీ, హెడ్డాఫీసుకూ స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. 15 రోజుల్లో కాగితం మీద, సంతకంతో జవాబు రావాలి. మెసేజ్ పెట్టి ఊరుకుంటే దాన్ని కూడా కేసులో జత చేస్తాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
కోవూరు, నెల్లూరు జిల్లా

జత: కాంట్రాక్టు కాగితం, డబ్బు కట్టిన రసీదు, చీర ఫోటోలు.